పచ్చగా ఉన్న మడి తాలు పోయింది, ఎండిన మడి పండింది: ఎందుకు?

ప్రశ్న: సార్, నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. ఒక బోరు కింద రెండెకరాలు. పై మడి ఎకరం చెలక, కింది మడి ఎకరం రేగడి. ఈ యాసంగిలో రెండింట్లోనూ వరిలో ఎంటీయూ 1010 రకమే వేశాం. డిసెంబరు మొదట్లో పోసిన నారు, జనవరి మొదటి వారంలో నాట్లు. నాటిన మూడు వారాలకు మోటరు కాలిపోయింది. బాగు చేయించి మళ్లీ దించేసరికి పన్నెండు రోజులు పట్టింది. పక్కవాళ్లను బతిమాలి కింది మడికి నీళ్లు పెట్టించాను, పై మడికి ఆ నీళ్లు ఎక్కలేదు. అది నెర్రెలు బారింది, ఆకులు చుట్టుకుపోయాయి, ఇక పోయిందనుకున్నాం. మార్చి రెండో వారంలో బోరు నీళ్లు సగానికి పడిపోయాయి. అప్పటికి కింది మడి ఏపుగా, పచ్చగా ఉంది, ఈనుతోంది. పై మడి ఒకసారి దెబ్బతిన్నది కదా పాపమని ఉన్న నీళ్లన్నీ దానికే పెట్టాను. కింది మడికి ఎనిమిది తొమ్మిది రోజులు తడి లేదు. కోస్తే పై మడి 19 క్వింటాళ్లు, కింది మడి 9 క్వింటాళ్లు. 'పొట్టమీదున్న పొలానికి నీళ్లు తప్పిస్తవారా' అని మా బాపు ఇప్పటికీ తిడుతున్నాడు. మా బావ తెల్లకంకి తెగులు అంటాడు. మందుల షాపు ఆయన టానిక్ కొట్టలేదు కాబట్టే అంటాడు. ఎవరి మాట నిజం? వచ్చే యాసంగికి ఏం చేయాలి? కింది మడి వడ్లు విత్తనానికి పనికొస్తాయా?

సమాధానం: మీ బాపు మాటే నిజం. అయితే మీరు చేసింది కూడా చాలామంది చేసే పనే. ఎండి, ఆకు చుట్టుకున్న మడి మీద జాలి కలుగుతుంది, పచ్చగా ఉన్నదాన్ని చూస్తే ఇంకో నాలుగు రోజులు ఆగుతుందిలే అనిపిస్తుంది. వరి విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. 'ఈనగాచి నక్కల పాలు చేసినట్లు' అన్న సామెత ఉందే, మీ కింది మడికి అచ్చంగా అదే జరిగింది.

ముందు మీ బావ అనుమానం తీర్చుకుందాం. కోతకు ముందు తీసి మీరు ఉత్తరంతో పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. కాండం తొలిచే పురుగు వల్ల వచ్చే తెల్లకంకి అయితే గొలుసు, అంటే కంకి, మొత్తం తెల్లబడి నిటారుగా నిలబడుతుంది. పట్టి లాగితే సులువుగా ఊడి వస్తుంది, అడుగున పురుగు కొరికిన గుర్తు ఉంటుంది. మెడవిరుపు తెగులయితే గొలుసు మెడ దగ్గర నల్లబడి అక్కడే విరుగుతుంది. మీ ఫొటోల్లో ఆ రెండూ కనిపించలేదు. కనిపించింది వేరే. గొలుసు సగం బయటికొచ్చి, కింది భాగం ఇంకా పోటాకు (అన్నిటికన్నా పైన ఉండే చివరి ఆకు) తొడుగులోనే ఇరుక్కుని ఉంది. బయటికొచ్చిన గింజలు చాలావరకు తెల్లగా, చప్పిడిగా ఉన్నాయి, మధ్యమధ్యలో ఒకటో రెండో నిండినవి. ఈనే సమయంలో నీళ్లు తప్పిన మడిలో గొలుసు ఇట్లాగే ఉంటుంది. గొలుసును పైకి నెట్టేది దాని కింద ఉండే చివరి కణుపు కాడ. సరిగ్గా ఆ నాలుగైదు రోజుల్లోనే అది జానెడు సాగాలి. సాగడానికి కణాల్లో నీళ్లుండాలి. నీళ్లు లేకపోతే కాడ ఆగిపోతుంది, గొలుసు పొట్టలోనే చిక్కుకుంటుంది. అట్లా చిక్కుకున్న గింజలు తెరుచుకోవు, సుంకు (పుప్పొడి) పోసుకోవు.

ఇప్పుడు అసలు లెక్క. వరి దిగుబడి నాలుగు అంకెల గుణకారం. చదరపు మీటరుకు ఎన్ని కంకులు, కంకికి ఎన్ని గింజలు, అందులో నూటికి ఎన్ని నిండాయి, వెయ్యి నిండు గింజల బరువెంత. ఇబ్బంది లేని పొలంలో 300 కంకులు, కంకికి 100 గింజలు, నూటికి 80 నిండాయి, వెయ్యి గింజలు 22 గ్రాములు అనుకుందాం. గుణిస్తే చదరపు మీటరుకు 528 గ్రాములు, ఎకరానికి 21 క్వింటాళ్ల పైచిలుకు. ఇవి మీ పొలంలో కొలిచిన అంకెలు కావు, తేడా ఎక్కడ పడిందో చూడడానికి వేసుకున్నవి.

మీ పై మడి పిలకలు వేసే దశలో ఎండింది. అప్పుడు దెబ్బ తగిలేది మొదటి అంకెకు. కొత్త పిలకలు ఆగిపోతాయి, మొక్క పొట్టిగా ఉండిపోతుంది. ఆకు చుట్టుకోవడం చూసి భయపడ్డారు కానీ అది మొక్క తనను కాపాడుకునే పద్ధతి. ఆకు పైపొరలో పెద్ద కణాలు కొన్ని ఉంటాయి, నీళ్లు తగ్గితే అవి ముడుచుకుంటాయి, దాంతో ఆకు గొట్టంలా చుట్టుకుని ఎండ తగిలే జాగా తగ్గించుకుంటుంది. ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, నీళ్లు ఆవిరైపోవడం తగ్గుతుంది, కాకపోతే గాలి లోపలికి రాక తిండి తయారీ కూడా తగ్గుతుంది. మళ్లీ తడి తగలగానే మొక్క కోలుకుంటుంది. 300 కంకులు రావాల్సిన చోట 240 వచ్చాయనుకోండి. కంకులు తక్కువున్నప్పుడు ఒక్కో కంకికి ఎండ, ఎరువు ఎక్కువ అందుతాయి కాబట్టి వంద గింజలకు బదులు 115 దాకా కడుతుంది. 240ని 115తో గుణించి, నూటికి 80 నిండితే, ఎకరానికి 19 క్వింటాళ్ల పైన. మీకొచ్చింది అదే కదా. ఒక అంకె తగ్గినా వెనక వచ్చే అంకె పెరిగి కొంత పూడ్చింది. పూడ్చుకోవడానికి దానికి టైమ్ దొరికింది.

కింది మడికి ఆ టైమ్ లేదు. అందులో కంకుల సంఖ్య ఖాయమైపోయింది, కంకికి గింజలూ ఖాయమైపోయాయి. 300 కంకులు, 100 గింజలు, అంతా బాగానే ఉంది. దెబ్బ తగిలింది మూడో అంకెకు. నూటికి 80 నిండాల్సింది 35 నిండితే ఎకరానికి 9 క్వింటాళ్లు. దీన్ని పూడ్చడానికి నాలుగో అంకె పనికిరాదు. ఎందుకంటే వరి గింజకు పొట్టు ముందే కట్టేస్తుంది. లోపలి బియ్యం ఆ పొట్టు కొలతను దాటి పెరగలేదు. మిగిలిన 35 గింజలకు ఎంత తిండి పెట్టినా అవి రెండింతలు కావు.

ఆ ఎనిమిది తొమ్మిది రోజుల్లో లోపల ఏం జరిగిందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మళ్లీ మీరు నీళ్ల వంతు వేసుకునేటప్పుడు ఇది కళ్ల ముందు ఉండాలి. పొద్దున ఎండ కాస్త ఎక్కాక, పది గంటల ప్రాంతంలో, ఈనిన గొలుసు దగ్గర నిలబడి చూడండి. పై కొస గింజలు ముందు నోరు తెరుస్తాయి. లోపలి నుంచి సన్నటి దారాలకు వేలాడుతూ లేత పసుపు సంచులు ఆరు బయటికొస్తాయి. అదే మనం సుంకు అనేది. ఆ సంచులు పగిలి పుప్పొడి రాలాలి, అదే గింజలోని ఆడ భాగం మీద పడాలి. ఒక్కో గింజ తెరిచి ఉండేది సుమారు గంటసేపే. మూసుకుందంటే మళ్లీ తెరుచుకోదు. గొలుసు మొత్తం పై నుంచి కిందికి సుంకు పోసుకోవడానికి వారం పడుతుంది. ఆ వారంలో మొక్కకు నీళ్లు లేకపోతే సంచులు సరిగా పగలవు, పగిలినా పుప్పొడి మొలకెత్తదు. మార్చి ఎండ ఇంకో దెబ్బ. నీళ్లున్న మొక్క ఆకుల నుంచి, గొలుసు నుంచి ఆవిరి వదులుతూ చల్లగా ఉంటుంది. నీళ్లు లేకపోతే గొలుసు వేడెక్కుతుంది. సుంకు పోసుకునే వేళ వేడి 35 డిగ్రీలు దాటిందంటే నీళ్లున్న పొలంలోనే తాలు పెరుగుతుంది, ఇక ఎండిన పొలం సంగతి చెప్పేదేముంది.

దీనికి వారం పదిరోజుల ముందు ఇంకో గండం ఉంది, అది కంటికి అసలు కనిపించదు. గొలుసు ఇంకా పొట్టలో ఉన్నప్పుడే పుప్పొడి తయారవుతుంది. ఆ రోజుల్లో నీళ్లు తప్పితే పుప్పొడి గింజల్లోకి చేరాల్సిన చక్కెర, పిండి చేరదు. ల్యాబులో అయోడిన్ వేసి చూస్తే మంచి పుప్పొడి నల్లగా కనిపిస్తుంది, ఇది వెలవెలబోతుంది. తర్వాత చెరువంత నీళ్లు పెట్టినా అది బాగుపడదు. ఆకు మాత్రం పచ్చగానే ఉంటుంది. రైతు ఎప్పుడూ ఆకును చూసి నీళ్లు పెడతాడు, వరి అక్కడే దెబ్బతీస్తుంది.

మీ పై మడి ఎట్లా బయటపడిందన్నది ఇంకో ముచ్చట. మొదట్లో ఎండిన వరి ఈనడం కూడా ఆలస్యం చేస్తుంది. మీరు ఉత్తరంలో రాయలేదు కానీ, పై మడి కింది మడి కంటే వారం వెనక ఈని ఉంటుంది, గుర్తు చేసుకోండి. జాలిపడి పెట్టిన నీళ్లు సరిగ్గా దాని సుంకు వేళకు అందాయి. కింది మడి వాటా నీళ్లు కూడా తాగింది. అంటే మీ జాలి ఒక ఎకరాన్ని నిలబెట్టింది, ఇంకో ఎకరాన్ని ముంచింది. ఉన్న సగం నీళ్లను ఆ వారం కింది మడికి పెట్టి, సుంకు అయిపోగానే పై మడికి మళ్లిస్తే రెండూ చాలావరకు దక్కేవి. ఈ మాట ఇప్పుడు చెప్పడం తేలిక, అప్పుడు గట్టు మీద నిలబడ్డ మనిషికి కాదు.

కాబట్టి వచ్చే యాసంగికి మొదటి పని, క్యాలెండరు మీద రెండు తేదీలు రాసి పెట్టుకోవడం. వరికి లెక్క సులభం. కోతకు ముందు 30 రోజులు గింజ నిండడానికి. దానికి ముందు 30 రోజులు చిరుపొట్ట (లోపల గొలుసు మొదలయ్యే దశ) నుంచి ఈనే దాకా. మిగిలినదంతా నారు, పిలకలు. మీ 1010 లాంటి 125 రోజుల రకమైతే నారు పోసిన 65వ రోజు ప్రాంతంలో చిరుపొట్ట, 95వ రోజు ప్రాంతంలో సుంకు. సాంబ మసూరి లాంటి 150 రోజుల రకంలో పెరిగేది ముందు భాగమే, వెనక 60 రోజులు మారవు. యాసంగిలో డిసెంబరు, జనవరి చలికి నారు నిదానిస్తుంది కాబట్టి వారం అటూ ఇటూ అవుతుంది. అందుకే తేదీని నమ్మి కూర్చోకుండా 60వ రోజు నుంచి బ్లేడు జేబులో పెట్టుకుని పొలానికి వెళ్లండి. దుబ్బులో అన్నిటికన్నా లావు పిలకను మొదలు దాకా పీకి, నిలువుగా చీల్చండి. పై కణుపు మీద మిల్లీమీటరో రెండో ఉండే తెల్లటి నూగు మొన కనిపిస్తే అదే చిరుపొట్ట. అక్కడి నుంచి నెల రోజులకు సుంకు. ఆ నెలలో చివరి రెండు వారాలు, సుంకు తర్వాత ఒక వారం, మొత్తం ఇరవై రోజులు. బోరు ఎంత తగ్గినా ఆ ఇరవై రోజులు మడిలో పలచగానైనా నీళ్లు నిలబడాలి.

మిగతా రోజుల్లో పొదుపు చేయొచ్చు, చేయాలి కూడా. నాటు వేళ్లు పట్టాక చిరుపొట్ట దాకా ఎప్పుడూ నీళ్లు నిలిపి ఉంచనక్కర లేదు. జానెడున్నర పీవీసీ పైపు ముక్క తీసుకుని కింది సగానికి రంధ్రాలు పొడిచి, ఆ సగం మట్టిలోకి దించి, లోపలి మట్టి తీసేయండి. పైపులో నీళ్లు నేల మట్టం కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు తడి పెడితే చాలు, దిగుబడి తగ్గదు. పైన మట్టి ఆరినట్టు కనిపిస్తుంది, కింద వేళ్లకు తేమ ఉంటుంది. ఈ ఆరబెట్టడం వేరు, మీ పై మడి నెర్రెలు బారడం వేరు. పెద్ద నెర్రెలు పడితే తర్వాత పెట్టిన నీళ్లు వాటిలో నుంచే కిందికి పోతాయి. ఆరబెట్టే మడిలో ఊద, తుంగ ఎక్కువ వస్తాయి, కలుపు మీద కన్ను ఉంచండి. గింజలో పాలు గట్టిపడ్డాక మళ్లీ ఆరుతడి సరిపోతుంది. అప్పటికి మొక్క కాండంలో దాచుకున్న పిండిని కరిగించి గింజకు పంపుకోగలదు, నీళ్లు తగ్గితే గింజ బరువు కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా తాలు కాదు. కోతకు పది పదిహేను రోజుల ముందు ఎలాగూ నీళ్లు తీసేస్తాం.

ఇక ఎంత నాటాలి. మన దగ్గర చాలామంది జనవరిలో బోరు పోసే నీళ్లు చూసి నాట్లు వేస్తారు, మార్చిలో అదే బోరు సగం పోస్తుంది. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి సెల్‌లో టైమ్ చూడండి. మార్చిలో అది నిమిషానికి నిండుతోంది అనుకుందాం. అంటే గంటకు 12 వేల లీటర్లు, ఎనిమిది గంటలు నడిస్తే 96 వేలు. ఎకరం మీద ఒక సెంటీమీటరు నీళ్లు నిలవాలంటే 40 వేల లీటర్లు కావాలి. మార్చి ఎండకు ఈనిన వరి రోజుకు 7 మిల్లీమీటర్ల దాకా తాగుతుంది, అది 28 వేలు. రేగడిని బురదగా దున్ని బాగా కరిగట్టు చేస్తే ఇంకు 3, 4 మిల్లీమీటర్లే, చెలకలో సెంటీమీటరు దాటుతుంది. అంటే రేగడి ఎకరానికి రోజుకు సుమారు 42 వేలు, చెలక ఎకరానికి 68 వేలు. రెండూ కలిపితే లక్షా పదివేలు, బోరు ఇచ్చేది 96 వేలు. మీ అంకెలు వేసుకుని చూడండి. నా లెక్కలో మీ బోరుకు కింది రేగడి ఎకరం వరి, పై చెలకలో నువ్వులో, పెసరో, పల్లో. ఇంకో బోరు వేద్దామన్న ఆలోచన వస్తే, దానికయ్యే ఖర్చు ఎన్ని యాసంగుల వడ్లకు సమానమో మీ బాపుతో కూర్చుని లెక్కేసుకోండి, నేనేమీ చెప్పను.

ఒకవేళ నాటాక మధ్యలో నీళ్లు తప్పితే, ఏ మడి ఇరవై రోజుల గండంలో ఉందో దానికి ముందు పెట్టండి, చూపుకు ఎంత బాగున్నా సరే. అప్పటికీ చాలకపోతే ఒక మడిలో కొంత భాగం మనసు గట్టి చేసుకుని వదిలేయాలి, పశువులకు కోసుకోవచ్చు. అందరికీ తలా గుక్కెడు పోస్తే మొత్తం తాలే.

టానిక్ సంగతి. సీసాలో నీళ్లు ఉండవు కాబట్టి టానిక్ వానకు, బోరుకు బదులు కాదు. బెట్ట (నీళ్ల కరువు) మొదలైనప్పుడు లీటరుకు 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) పిచికారీ చేస్తే ఆకు కొన్నాళ్లు తట్టుకోవడానికి పొటాష్ సాయం చేస్తుంది, అంతవరకే. తాలు పోయాక ఏది కొట్టినా నిండదు. ఎండిన మడి మీద యూరియా చల్లకండి. నీళ్లు పెట్టి మొక్క తేరుకున్నాక, అదీ చిరుపొట్ట లోపే, కొద్దికొద్దిగా వేయాలి. బెట్టకు నీరసించిన వరికి ఒకేసారి యూరియా గుమ్మరిస్తే అగ్గితెగులుకు ఎదురెళ్లి పిలిచినట్టే. గోధుమ మచ్చ తెగులు కూడా బెట్ట పొలాల్లోనే ఎక్కువ.

రకం మార్చాలా అంటే, మీకు 1010 సరిగ్గానే సరిపోతుంది. బెట్టను తట్టుకునేవని సహభాగి ధాన్, డీఆర్ఆర్ ధాన్ 42 లాంటి రకాలు ఉన్నాయి, అవి వాన మీద ఆధారపడే వరి భూముల కోసం తీసుకొచ్చినవి. మీ సమస్య వాన కాదు, మార్చిలో దిగిపోయే బోరు. దానికి 1010 లాంటి తక్కువ రోజుల రకమే వేసి, నారు నవంబరు 20 నాటికి పోసుకుని, పదిరోజులు ముందు సుంకు తెప్పించుకోవడమే మేలు. మరీ ముందుకు జరపకండి, చలి గొలుసు మీద పడుతుంది. మీ మట్టికి కొత్త రకం ఏదైనా చూడాలనుకుంటే వరంగల్ ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగండి. ఆ స్థానం పేరు ఉల్లికోడు పురుగును తట్టుకునే వరి రకాలతో ఎక్కువ వినపడుతుంది కానీ, నీళ్ల సంగతి కూడా బాగానే చెబుతారు.

విత్తనానికి కింది మడి వడ్లు వద్దు. రకం గుణం చెడిపోయిందని కాదు, ఆ తొమ్మిది క్వింటాళ్లలో సగం నిండినవి, బరువు లేనివి చాలా కలిసి ఉంటాయి, మొలక ఎగుడుదిగుడుగా వస్తుంది. 1010 హైబ్రిడ్ కాదు కాబట్టి పై మడి వడ్లే ఉంచుకోండి. పోసే ముందు బకెట్ నీళ్లలో కోడిగుడ్డు పైకి తేలేంత ఉప్పు కలిపి, అందులో వడ్లు పోసి, తేలినవి తీసేసి, మునిగినవాటిని మంచినీళ్లతో రెండుసార్లు కడిగి నానబెట్టండి.